గడప దాకానే పిలుపు

(తిరుపతిలో విద్యార్థులు, పుస్తకాభిమానులు కలిసి ఏర్పాటు చేసుకున్న ఒక సాయంత్రపు సభలో విశ్రాంత అధ్యాపకుడొకరు చేసిన ప్రసంగానికి అక్షరరూపం)

అందరికీ నమస్కారం.

ఐరోపా యూనియన్‌కూ దాని పొరుగు దేశాలకూ మధ్య ఉన్న సంబంధాల గురించి మాట్లాడబోతున్నానని చెబితే మా ఇంట్లోనే అడిగారు, తిరుపతిలో కూర్చుని ఆ సంగతి మనకెందుకని. మాది దామలచెరువు పక్కన ఒక పల్లె. మా నాన్న తోతాపురి మామిడి తోట మీద వచ్చిన డబ్బుతోనే మమ్మల్ని చదివించారు. ఆ తోటకూ, యూనియన్ కార్యాలయాలుండే బ్రస్సెల్స్ నగరానికీ సంబంధం ఉందని నాకు 2014 మే నెలలో తెలిసింది. అక్కడి నుంచే మొదలుపెడతాను.

ఆ ఏడాది మే 1 నుంచి భారతదేశపు మామిడి పండ్లు తమ దేశాల్లోకి రాకూడదని ఐరోపా యూనియన్ నిషేధం పెట్టింది. మామిడితో పాటు వంకాయ, కాకరకాయ, పొట్లకాయ, చేమ కూడా. కారణం పండు ఈగ. అంతకు ముందు సంవత్సరం మన దేశం నుంచి వెళ్లిన పండ్లు, కూరగాయల సరుకుల్లో 207 చోట్ల పురుగులు దొరికాయని వాళ్లు చెప్పారు. అది అబద్ధం కాదు. వాళ్ల తోటల్ని వాళ్లు కాపాడుకోవడంలో తప్పు కూడా లేదు. మన ప్రభుత్వం తనిఖీలు గట్టిగా చేయించింది, అధికారులను పంపించింది, వాళ్ల నిపుణులను రప్పించి చూపించింది. 2015 మొదట్లో మామిడి మీద నిషేధం తీసేశారు.

మనది పెద్ద దేశం కాబట్టి అది సాధ్యమైంది. మనకు ఇంకా పది సంతలున్నాయి. గల్ఫ్ ఉంది, మన సొంత జనమే ఉన్నారు. అదే ఆ యూనియన్ గోడ పక్కన ఇల్లు కట్టుకున్న ఒక చిన్న దేశాన్ని తలుచుకోండి. ఉత్తర ఆఫ్రికాలోని ట్యునీసియా తన ఎగుమతుల్లో మూడింట రెండు వంతుల కంటే ఎక్కువ ఆ ఒక్క సంతకే పంపుతుంది. ఆ తలుపు మూసుకుంటే ఆ దేశం సరుకు ఎక్కడికి తీసుకుపోవాలి?

ఇంకో చిన్న సంగతి. కొన్నేళ్ల కిందట మా తమ్ముడితో కలిసి చిత్తూరు దగ్గర ఒక మామిడి గుజ్జు ఫ్యాక్టరీకి కాయల లోడుతో వెళ్లాను. ట్రాక్టర్ వరుసలో నిలబడి ఉంది. గేటు పక్కన గోడకు ఒక కాగితం అతికించి ఉంది. ఏ పురుగుమందు అవశేషం ఎంత వరకు ఉండవచ్చో వేసిన పట్టిక అది. ప్రత్యేకంగా పరిమితి నిర్ణయించని మందులన్నిటికీ ఐరోపాలో ఒకటే లెక్క, కిలోకు 0.01 మిల్లీగ్రాము. అంటే పది కోట్ల వంతుల్లో ఒక వంతు. మా తమ్ముడు దాన్ని పై నుంచి కింది దాకా చదివి, “ఇది ఎవరు రాశారన్నా?” అని అడిగాడు. ఎక్కువా తక్కువా అని అడగలేదు, న్యాయమా అన్యాయమా అని కూడా అడగలేదు. ఎవరు రాశారు అన్నాడు. ముప్ఫై ఏళ్లు పాఠాలు చెప్పిన నాకు కూడా ఈ విషయంలో అంతకంటే మంచి ప్రశ్న తట్టలేదు. ఇవాళ నేను చెప్పేదంతా ఆ ప్రశ్న వెంబడి నడవడమే.

ఈ రోజు యూనియన్‌లో 27 దేశాలున్నాయి. జనాభా దాదాపు 45 కోట్లు. 2004లో ఒకేసారి పది దేశాలు కొత్తగా చేరాయి. చేరని వాళ్లతో ఎలా ఉండాలనే ప్రశ్న అప్పుడే వచ్చింది. అంతకు ముందే, 2002 డిసెంబరులో, యూనియన్ పాలన నడిపే యూరోపియన్ కమిషన్‌కు అప్పటి అధ్యక్షుడు రొమానో ప్రోడి ఒక ఉపన్యాసంలో తమ చుట్టూ ఒక మిత్రవలయం ఉండాలన్నారు. పొరుగువాళ్లతో సంస్థలు తప్ప మిగిలినవన్నీ పంచుకుందామన్నారు. సంత పంచుకుంటారు, ప్రమాణాలు పంచుకుంటారు, కొంత డబ్బు కూడా ఇస్తారు. కానీ చట్టం చేసే చోట, ఓటు వేసే చోట, తగవు వస్తే తీర్పు చెప్పే చోట పొరుగువాడికి కుర్చీ ఉండదు. ఆ మాట దాపరికం లేకుండా చెప్పినందుకు ఆయనను నేను గౌరవిస్తాను. 2004లో మొదలైన పొరుగు విధానం ఆ మాట మీదే నిలబడింది. మొరాకో నుంచి సిరియా దాకా, బెలారస్ నుంచి అజర్‌బైజాన్ దాకా 16 పొరుగు దేశాలను దృష్టిలో పెట్టుకుని తయారైన విధానం అది.

మొరాకో అయితే 1987లోనే తననూ చేర్చుకోమని దరఖాస్తు పెట్టుకుంది. మీది ఐరోపా దేశం కాదని తిప్పి పంపారు. స్పెయిన్‌కూ మొరాకోకూ మధ్య సముద్రం అతి సన్నగా ఉన్న చోట 14 కిలోమీటర్లే. మనకు తిరుపతి నుంచి చంద్రగిరి దాకా వెళ్లినంత దూరం.

మొరాకో టమాటా సంగతి కొంచెం వివరంగా చెబుతాను. మదనపల్లె మార్కెట్ చూసినవాళ్లకు ఇది తేలికగా అర్థమవుతుంది. ధర పడిపోయిన రోజున రైతు కాయలను రోడ్డు పక్కన కుమ్మరించి ఖాళీ క్రేట్లతో ఇంటికి వెళ్లడం మనందరం చూసిందే. మొరాకోలో అగాదీర్ పట్టణం చుట్టూ ఉన్న సూస్ లోయ అలాంటి టమాటా సీమ. ఎండ బాగా కాస్తుంది, కూలి తక్కువ, చలికాలంలో కూడా కాపు వస్తుంది. ఐరోపాలో మంచు కురిసే నెలల్లో వాళ్ల కాయ చవకగా వెళ్లి అమ్ముడుపోగలదు. వాళ్ల బలం అదొక్కటే.

ఐరోపా యూనియన్ దీనికి ప్రవేశ ధర అని ఒక పద్ధతి పెట్టింది. ప్రతి పనిదినమూ తమ సంతల్లో ఏ దేశపు టమాటా ఎంతకు పలుకుతోందో లెక్క తీస్తారు. మొరాకోకు రాయితీ ఇచ్చి, అక్టోబరు నుంచి మే వరకు ఒక గీత గీశారు. టన్నుకు 461 యూరోలు. ఆ గీతకు పైన ఉంటే కోటా మేరకు సరుకు పోతుంది. గీత కిందికి దిగితే అదనపు సుంకం మొదలవుతుంది. 8 శాతం కంటే ఎక్కువగా దిగిపోతే టన్నుకు 298 యూరోలు వడ్డిస్తారు. దీని అర్థం గమనించండి. ధర బాగున్న రోజున దారి ఇస్తారు. ధర పడిపోయి, ఎలాగైనా అమ్ముకుంటే చాలునని రైతు తపించే రోజున తలుపు వేస్తారు. మదనపల్లెలో ధర పడిన రోజునే చెక్‌పోస్టులో పన్ను పెంచితే మనం ఏమంటాం? పైగా కోటా నెలలవారీగా ఉంటుంది. 2012 అక్టోబరులో అమలుకు వచ్చిన ఒప్పందం దాన్ని మెల్లగా ఏడాదికి 2,85,000 టన్నుల దాకా పెంచింది. ఈ నెల తోట బాగా కాసింది కాబట్టి ఈ నెల కోటా కూడా పెంచండి అంటే వినేవాళ్లుండరు.

స్పెయిన్‌లో అల్మెరియా రైతుకూ భయం ఉంది, అతనిదీ కష్టార్జితమే. కానీ అతని తరఫున మాట్లాడటానికి గీత గీసే గదిలో అతని దేశపు మంత్రి ఉన్నాడు. యూనియన్ బడ్జెట్‌లో దాదాపు మూడో వంతు వ్యవసాయానికే పోతుంది కాబట్టి అతనికి నేరుగా డబ్బు సాయం కూడా అందుతుంది. సూస్ లోయ రైతు తరఫున ఆ గదిలో ఎవరూ లేరు. ట్యునీసియా ఆలివ్ నూనె కథ కూడా ఇలాంటిదే. ఏడాదికి 56,700 టన్నుల దాకా సుంకం లేదు. 2015లో ఉగ్రవాద దాడులతో అక్కడి పర్యాటకం కూలిపోయినప్పుడు రెండేళ్ల పాటు ఏటా మరో 35,000 టన్నులు కలిపారు. ఆదుకున్నారు, ఆ మాట ఒప్పుకోవాలి. రెండేళ్లు కాగానే మళ్లీ పాత లెక్కే.

పేద దేశం కాబట్టి ఈ గతి అని అనుకోకండి. నార్వే చాలా సంపన్న దేశం. 1972లో ఒకసారి, 1994లో మరోసారి ప్రజలు ఓటేసి యూనియన్‌లో చేరబోమన్నారు. కానీ సంత కావాలి కాబట్టి వేరే ఒప్పందం చేసుకుని అక్కడి చట్టాలు తెచ్చుకుని అమలు చేస్తున్నారు. 2012లో ప్రభుత్వం నియమించిన సంఘమే లెక్క తీసి, యూనియన్ చట్టాల్లో దాదాపు నాలుగింట మూడు వంతులు తమ దేశంలో అమలవుతున్నాయని రాసింది. ఆ చట్టాలు చేసేటప్పుడు వాళ్లకు ఓటు లేదు. నార్వేలో దీనికి ఫ్యాక్స్ ప్రజాస్వామ్యం అని పేరు వచ్చింది. చట్టాలు బ్రస్సెల్స్ నుంచి ఫ్యాక్స్‌లో వస్తాయని.

తుర్కియేది, అంటే మనం టర్కీ అనే దేశానిది, మరో రకం చిక్కు. 1963లోనే ఒప్పందం చేసుకున్నారు. 1995 ఆఖరి రోజు నుంచి యూనియన్‌తో ఉమ్మడి సుంకాల ఏర్పాటు అమలైంది. ఇద్దరికీ కలిపి ఒకే ప్రహరీ, ఒకే గేటు అనుకోండి. తాళంచెవి మాత్రం పెద్ద ఇంటివాళ్ల దగ్గరే ఉంది. వాళ్లు మూడో దేశంతో వ్యాపార ఒప్పందం చేసుకుంటే ఆ దేశపు సరుకుకు తుర్కియే కూడా తలుపు తీయాలి. తుర్కియే సరుకును ఆ మూడో దేశం తన ఇంట్లోకి రానివ్వాలన్న నియమం మాత్రం లేదు. దాని కోసం తుర్కియే విడిగా వెళ్లి బతిమాలుకోవాలి. దక్షిణ కొరియాకు యూనియన్‌తో ఒప్పందం 2011లో మొదలైతే, తుర్కియేకు తనదైన ఒప్పందం అమలయ్యేసరికి 2013 వచ్చింది. సభ్యత్వ చర్చలు 2005 అక్టోబరులో మొదలయ్యాయి. సభ్యత్వం ఇంతవరకు రాలేదు.

నన్ను చాలా బాధపెట్టినది ఉత్తర మాసిడోనియా కథ. ఇక్కడ కొంచెం ఆగుతాను.

2022 ఏప్రిల్ 4న మన జిల్లాలు మారాయి. మా పాకాల మండలం చిత్తూరు జిల్లా నుంచి తిరుపతి జిల్లాలోకి వచ్చింది. మా ఊరి బస్టాండులో ఎరువుల దుకాణం బోర్డు మీద ‘చిత్తూరు జిల్లా’ అన్న అక్షరాలకు రంగు పూసి పక్కన కొత్త పేరు రాశారు. పాత అక్షరాలు ఆ రంగు కింద నుంచి చాలా రోజులు కనబడుతూనే ఉన్నాయి. మా పెద్దమ్మ ఇప్పటికీ తన ఊరు చిత్తూరు జిల్లా అనే చెబుతుంది. జిల్లా పేరుకే మనసు ఇంత పట్టుకుని ఉంటుంది. అలాంటిది దేశం పేరు మార్చుకోమంటే?

మాసిడోనియా 1991లో యుగోస్లావియా నుంచి విడివడింది. పక్కనున్న గ్రీసు, మాసిడోనియా అనే పేరు తమ ఉత్తర ప్రాంతానిదని, అలెగ్జాండర్ వారసత్వం తమదని అడ్డు చెప్పింది. గ్రీసు అప్పటికే యూనియన్ లోపల ఉంది. లోపల ఉన్న ఒక్క దేశం వద్దంటే మిగిలినవాళ్లు అందరూ ఔనన్నా చర్చ ముందుకు పోదు. 2005లో మాసిడోనియాకు యూనియన్ సభ్యత్వానికి అభ్యర్థి హోదా వచ్చింది. తరువాత ఏళ్ల తరబడి ఏమీ కదలలేదు. చివరికి 2018 జూన్‌లో ప్రెస్పా సరస్సు ఒడ్డున ఒప్పందం కుదిరింది. 2019 ఫిబ్రవరిలో దేశం పేరు ఉత్తర మాసిడోనియా అయింది. గ్రీసు సరిహద్దు దగ్గర పనివాళ్లు వచ్చి రోడ్డు మీది బోర్డులు మార్చారు. అంతకు ముందే విమానాశ్రయం మీది అలెగ్జాండర్ పేరు అక్షరం అక్షరం దింపేశారు.

తలుపు తెరుచుకుందా? 2019 అక్టోబరులో సభ్యత్వ చర్చలు మొదలు కాకుండా ఫ్రాన్స్ ఆపింది. 2020 మార్చిలో అందరూ సరేనన్నారు. అదే ఏడాది నవంబరులో బల్గేరియా లేచి, వాళ్ల భాష మా భాషలోంచే పుట్టింది, చరిత్ర పుస్తకాలు సరిచేయాలి అని అడ్డుపడింది. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడన్నట్టు, ఇక్కడ 27 మంది పూజారులు. 2022 జూలైలో చర్చలు పేరుకు మొదలయ్యాయి, రాజ్యాంగంలో బల్గేరియన్ల ప్రస్తావన చేరిస్తేనే చర్చల్లోని అసలు అధ్యాయాలు తెరుస్తామన్నారు. పేరు ఇచ్చేసినవాళ్లకు ఇప్పుడు భాష లెక్క, చరిత్ర లెక్క చెప్పమంటున్నారు. భాష పేరుతో రాష్ట్రం తెచ్చుకున్న తెలుగువాళ్లకు ఈ నొప్పి వేరే చెప్పాలా?

వలసల విషయం త్వరగా చెబుతాను. 2023 జూలైలో యూనియన్ పెద్దలు ట్యునీసియా రాజధాని ట్యునిస్ వెళ్లి ఒప్పందం రాసుకున్నారు. వలస నియంత్రణకు 10.5 కోట్ల యూరోలు ఇస్తామన్నారు. తుర్కియేతో 2016లో 600 కోట్ల యూరోలకు ఇలాంటి ఏర్పాటే జరిగింది. సరుకుకు గేటు కొంచెం తీస్తారు, మనిషికి వేస్తారు, ఆ గేటు దగ్గర కాపలా ఉండమని పొరుగువాడికే జీతం ఇస్తారు. ట్యునిస్‌లో చదువుకున్న పిల్లవాడు పారిస్‌లో ఉన్న అక్కను చూడటానికి వీసా అడిగితే 90 యూరోలు ముందు కట్టాలి. వీసా రాకపోయినా ఆ డబ్బు తిరిగి రాదు. ఈ హాల్లో అలాంటి రుసుం కట్టి ఖాళీ చేతులతో వచ్చినవాళ్లు ఇద్దరు ముగ్గురైనా ఉంటారు.

ఇప్పుడు మన ఇంటి దగ్గరికి వస్తాను. నిజానికి ఇది చెప్పాలనే ఈ సభకు ఒప్పుకున్నాను.

పోలండ్ 1994లో దరఖాస్తు పెట్టుకుని, పదేళ్లు గడప బయట నిలబడి, 2004లో లోపలికి వెళ్లింది. బయట నిలబడటం ఎలా ఉంటుందో ఆ దేశానికి తెలుసు. 2022లో యుద్ధం మొదలైనప్పుడు లక్షలాది ఉక్రెయిన్ తల్లులను, పిల్లలను పోలండ్ ప్రజలు తమ ఇళ్లలో పెట్టుకున్నారు. ఆ జూన్‌లో ఉక్రెయిన్ సరుకుల మీద యూనియన్ సుంకాలు ఎత్తేసింది. నల్ల సముద్రం దారి మూసుకుపోయిన గోధుమ, మొక్కజొన్న రైళ్లలో, లారీల్లో పోలండ్ మీదుగా వచ్చిపడ్డాయి. అక్కడ ధర పడింది. 2023 ఏప్రిల్‌లో పోలండ్ ఉక్రెయిన్ ధాన్యాన్ని నిషేధించింది. హంగరీ, స్లొవేకియా, బల్గేరియా కూడా అదే దారి పట్టాయి. పోలండ్ రైతు చెడ్డవాడు కాదు. అతనికి దెబ్బ తగిలింది, చేతికి అందిన తలుపు మూశాడు.

మనం కూడా మూశాం. 2025 జూన్ 7న చిత్తూరు జిల్లా యంత్రాంగం బయటి రాష్ట్రాల తోతాపురి జిల్లాలోకి రాకూడదని ఉత్తర్వు ఇచ్చింది. సరిహద్దు రోడ్ల మీద చెక్‌పోస్టులు పెట్టారు. ఆ సీజన్‌లో కాపు విపరీతంగా ఉంది, గుజ్జు నిల్వలు పేరుకుపోయి ఉన్నాయి. కిలోకు ఫ్యాక్టరీ 8 రూపాయలు, ప్రభుత్వం 4 రూపాయలు, మొత్తం 12 అని ప్రకటించారు. మా తమ్ముడు కూడా ఆ లెక్క మీదే ఆశ పెట్టుకున్నాడు కాబట్టి ఉత్తర్వు విని ఊపిరి పీల్చుకున్నాడు. నేనూ సంతోషపడ్డాను. ఆ రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు. కర్ణాటకలోని శ్రీనివాసపురం వైపు నుంచి కాయ కోసి లోడు చేసుకుని వచ్చిన రైతు సరిహద్దులో లారీ పక్కన నిలబడి ఏమనుకుని ఉంటాడు? ఇది ఎవరు రాశారు అనే కదా. కోసిన కాయ నాలుగు రోజులు ఆగదు. కర్ణాటక ముఖ్యమంత్రి మన ముఖ్యమంత్రికి లేఖ రాసిన తరువాత గానీ అవతలి మాట ఇక్కడ వినబడలేదు.

దేశంగా మనం చేసినదీ గుర్తు పెట్టుకోవాలి. 2019 సెప్టెంబరు ఆఖరులో మన ప్రభుత్వం ఉల్లి ఎగుమతిని ఉన్నపళంగా నిషేధించింది. మన వంటింట్లో ధర తగ్గడానికే. నాలుగు రోజులకు ఢిల్లీ వచ్చిన అప్పటి బంగ్లాదేశ్ ప్రధాని షేక్ హసీనా, ఉల్లి లేకుండా వండమని మా వంటవాడికి చెప్పాను, ఇకముందు కాస్త ముందుగా చెప్పండి అన్నారు. సభలో అందరూ నవ్వారు. ఆమె నవ్వుతూ అన్నా అందులో పొరుగువాళ్లు మనను అడుగుతున్నది ఉంది. ముందుగా ఒక మాట చెప్పమంటున్నారు. దక్షిణాసియాలో మనమే బ్రస్సెల్స్. ఢాకాలోనూ ఖాట్మండులోనూ ఎవరో ఒకరు మన కాగితాలు చదివి మా తమ్ముడు అడిగిన ప్రశ్నే అడుగుతూ ఉంటారు.

మరి గడప బయట ఉన్నవాళ్లు ఏమి చేయగలరని ఇందాక ఒక అమ్మాయి చీటీ పంపింది. మంచి ప్రశ్న. ఎడ్లబండి చక్రం చూడండి. ఆకులన్నీ నడుమ ఉన్న కుంభంలోకి దిగి ఉంటాయి. కుంభం ఒక్కో ఆకునూ విడివిడిగా పట్టుకుంటుంది. యూనియన్ ఒప్పందాలు కూడా ఒక్కో పొరుగు దేశంతో విడివిడిగా జరుగుతాయి. మొరాకో ఒక్కటే వెళ్లి 27 దేశాల ముందు కూర్చుంటుంది, తరువాత ట్యునీసియా ఒక్కటే వెళ్లి కూర్చుంటుంది. కలిసి వెళ్లవచ్చు కదా? అందుకోసమే 1989 ఫిబ్రవరిలో మర్రకేష్‌లో మొరాకో, అల్జీరియా, ట్యునీసియా, లిబియా, మారిటానియా కలిసి అరబ్ మగ్రెబ్ యూనియన్ పెట్టుకున్నాయి. 1994 తరువాత ఆ దేశాధినేతల శిఖరాగ్ర సమావేశం ఒక్కసారి కూడా జరగలేదు. అదే ఏడాది మొరాకోకూ అల్జీరియాకూ మధ్య నేల సరిహద్దు మూసుకుపోయింది, ఇంకా తెరవలేదు. ఇంటిపక్కవాళ్లతో మాటలు లేని ఇద్దరు ఒకే పెద్ద మండీకి వేర్వేరుగా వెళ్తే ధర చెప్పేది ఎవరో దామలచెరువు రైతును అడిగితే చెబుతాడు.

మన దగ్గర కూడా తోతాపురి ఒక్క రాష్ట్రానిది కాదు. చిత్తూరు, తమిళనాడులోని కృష్ణగిరి, కర్ణాటకలోని శ్రీనివాసపురం, మూడు చోట్లా అదే కాయ. గుజ్జు కొనేవాళ్లు చాలావరకు వాళ్లే, గేటు మీద ఆ కాగితమూ అదే. మూడు రాష్ట్రాల రైతులు కలిసి ఒక రోజు కూర్చుని, ఎవరి కాపు ఎంత, ఏ వారం కోస్తారు, కిలోకు ఎంతకు తగ్గితే ఇవ్వకూడదు అని మాట్లాడుకున్నట్టు నాకు తెలిసి లేదు. భాష అడ్డం కాదు, సరిహద్దు పల్లెల్లో మూడు భాషలూ వచ్చినవాళ్లు ఇంటికొకరుంటారు.

సంక్రాంతి దాటి, చెట్లకు పూత ఎలా ఉందో చూసుకున్నాక, నేనూ మా తమ్ముడూ శ్రీనివాసపురం వెళ్తున్నాం. జూన్‌లో మన చెక్‌పోస్టు దగ్గర ఆగిపోయిన లారీల రైతులను కలవాలని, మా మాట చెప్పి వాళ్ల మాట వినాలని. అక్కడి నుంచి కృష్ణగిరి కూడా వెళ్తాం. ఈ హాల్లో మామిడి తోటలున్నవాళ్లు, కన్నడమో తమిళమో వచ్చిన విద్యార్థులు ఎవరైనా ఉంటే సభ అయ్యాక నా దగ్గర పేరు రాయించండి. బండిలో ఇంకా నలుగురికి చోటుంది.